చేపల దిబ్బకి ఏ రంగు?

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్ళకి పనికొచ్చేలా నాలుగు ముక్కలు రాసిపెట్టమని మా ఆఫీసు కుర్రాళ్ళు అడిగారు. రాయడానికి నాకేం అభ్యంతరం లేదు, చదవడానికి మీకు ఓపికుంటే. ముందే చెబుతున్నాను, నేను పెద్దగా చదువుకోలేదు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. ఆయన నన్ను కొట్టడం మానేస్తారు, నేను బడికి రావడం మానేస్తాను. ఇద్దరం మాట మీద నిలబడ్డాం.

భీమునిపట్నం పక్క పల్లె నుంచి విశాఖపట్నం వచ్చి ఊరి ప్లాన్లు గీసే ఆఫీసులో చైన్‌మన్‌గా చేరాను. చైన్‌మన్ అంటే నేల కొలిచే గొలుసు లాగేవాడు. పెళ్ళిచూపుల్లో మా మావగారు మెళ్ళో గొలుసు కోసం వెతికారు, పాపం. ఉద్యోగంలో మూడు పనులు. గొలుసు లాగడం, ఎరుపూ తెలుపూ చారల కర్ర పట్టుకుని ఎండలో నిలబడడం, జనం చేత తిట్లు తినడం. జీతం మొదటి రెండింటికే ఇచ్చేవారు. సర్వీసంతా వెనక్కి తిరిగి చూసుకుంటే ఊరికి పనికొచ్చింది మాత్రం మూడోదే.

ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవాటిలో చెప్పుకోదగ్గవి లేవు, రానివాటి గురించి మా ఆవిడ ఇప్పటికే అందరికీ చెప్పింది. ఒక్క పేట గురించి రాస్తాను. ఆ ఒక్క పేటా నా జుట్టు సగం ఊడగొట్టింది.

దాన్ని పోలమ్మపేట అనుకోండి. కొండల మీంచి దిగి, ఊరి మధ్య నుంచి సముద్రంలోకి పోయే ఒక నీటి పాయ పక్కన ఉంటుంది. ముసలివాళ్ళు దాన్ని ఏరు అనేవారు. వాళ్ళ పిల్లలు గెడ్డ అన్నారు. మా ఆఫీసు నాలా అని రాసింది. పేరు మారినప్పుడల్లా నీళ్ళు ఒక చాయ నల్లబడ్డాయి. గెడ్డ సముద్రంలో కలిసేచోట పెద్ద ఇసక దిబ్బ, దిబ్బకి ఆనుకుని చేపలవాళ్ళ పేట. గెడ్డకి ఎగువన కాలనీ. పల్లెల్లో పొలం చాలక పోర్టులోనూ స్టీలు ప్లాంటులోనూ పనికి వచ్చిన రైతు కుటుంబాలు అక్కడ ఇళ్ళు కట్టుకున్నాయి. పేటకీ కాలనీకీ మధ్య ఒక కల్వర్టు, ఒక వాసన.

తొంభైల మధ్యలో పైనుంచి ఒక ఆర్డరు దిగింది. గెడ్డ పక్క పేటల్లో ఏ నేల దేనికి వాడాలో ఇకమీదట జనమే కూర్చుని తేల్చుకోవాలట. వాళ్ళు తేల్చింది మనం మ్యాపు మీదకి ఎక్కించాలట. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఆ ఆర్డరు రాసినాయన జనంతో ఎప్పుడూ కూర్చుని ఉండడని అది చదివినప్పుడే అనుకున్నాను. మనవాళ్ళు పెళ్ళిలో భోజనాలకి ఏ బంతిలో కూర్చోవాలో తేల్చుకోలేరు, గెడ్డ గట్టు తేలుస్తారా?

ఊడ్చిన దిబ్బ

అప్పటి మా ఆఫీసరు గారు మంచివారు, బాగా చదువుకున్నవారు. చేతిలో స్కేలు లేకుండా నేనాయన్ని చూడలేదు. గీత గీయడానికీ, ప్యూన్ని పిలవడానికీ, వీపు గోక్కోవడానికీ అదే స్కేలు. చాటున మేం ఆయన్ని స్కేలు గారు అనేవాళ్ళం. ఇక్కడా అలాగే అంటాను.

పేటకి ఫలానా రోజున కొలతలకి వస్తున్నామని మర్యాదగా ముందే కబురు పెట్టాం. కొత్తగా చేరేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోండి: ముందు కబురు పెట్టి వెళితే మీకు కనిపించేది పేట కాదు, పేట వాళ్ళ మర్యాద.

మామూలు రోజుల్లో ఆ దిబ్బ మీద కాలు పెట్టడానికి చోటుండదు. ఒక పక్క వలలు, ఒక పక్క బోర్లించిన తెప్పలు, మధ్యలో చాపలేసినట్టు ఎండుతున్న చిన్న చేపలు, నెత్తళ్లూ కవళ్లూ, వాటి చుట్టూ కాకులు, కాకుల వెనక తిట్లు. ఆ రోజు మేం జీపు దిగేసరికి దిబ్బ ఊడ్చి ఉంది. కళ్ళాపి చల్లి ఉంది. ఒక మూల ముగ్గు కూడా వేసి ఉంది.

స్కేలు గారి మొహం వెలిగిపోయింది. "ఊళ్ళో ఇంత ఖాళీ స్థలం ఉందా నాయుడూ!" అని, కాగితం మీద ఆ రెండక్షరాలూ రాసేశారు. ఖాళీ.

చీపురు పట్టుకుని ఒకావిడ గర్వంగా నిలబడి ఉంది. పేరు ఎర్రమ్మ. దిబ్బ మీద చేపలు ఎండబెట్టుకుని అమ్ముకునే ఆడవాళ్ళకి ఆవిడే పెద్ద. ఆవిడ మొగుడికి మరపడవ ఉంది, ఆవిడకి నోరుంది. రెండింటిలో దేని మోత ముందు వినిపించేదో చెప్పడం కష్టం.

"ఏటి నాయుడూ, దిబ్బ ఎలగుంది? అద్దంలాగున్నాది కాదేటి?" అంది.

"బాగుందప్పా. మరి సేపలేవి?" అన్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం.

"ఆఫీసర్లొత్తన్నారని తెల్లారగట్లే ఎత్తీసి ఇళ్ళల్లో పెట్టీసాం. పెద్దమనుసుల్ని కంపులో నిలబెడతామేటి?"

"ఆయన ఖాళీ అని రాసీసినాడప్పా."

"రాసుకోనీ. మీరెల్లగానే మళ్ళీ పరిసేత్తాం."

ఖాళీ అన్న మాట కాగితం మీదకి ఎక్కితే ఏమవుతుందో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు. మ్యాపులో తెల్లగా కనబడ్డ నేల మీద ఊళ్ళో ప్రతివాడికీ ఒక ఆలోచన పుడుతుంది. ఆ పక్కన అప్పటికే అపార్టుమెంట్లు లేస్తున్నాయి. దిబ్బ పోతే చేపలు ఆరబెట్టుకోవడానికి పేట ఆడవాళ్ళకి ఇంకో జానెడు చోటు లేదు. అమ్ముడుపోని చేప సాయంత్రానికి కుళ్ళుతుంది. ఎండిన చేప ఆరు నెలలు అన్నం పెడుతుంది. దిబ్బంటే అదీ.

ఇదంతా జీపులో స్కేలు గారికి చెప్పాను. ఆయన స్కేలుతో మెడ గోక్కుని, "చేపలుంటే చేపలు అని రాసేవాణ్ణి కదా. లేవు కదా?" అన్నారు. ఆయన తప్పేముంది? ఊడ్చింది వాళ్ళు.

సోడా ఇచ్చారంటే

మొదటి మీటింగు పేట బళ్ళో, ఉదయం పదకొండింటికి పెట్టారు. మొగవాళ్ళు అప్పుడే వేట నుంచి వచ్చి వలలు సర్దుకుంటుంటారు, ఆడవాళ్ళు చేపలు తట్టలకెత్తుకుని బజారుకి పోతారు. సీతమ్మధారలో డాబాల వాళ్ళకి చేపలమ్మి ఆ ఆడవాళ్ళు వెనక్కి వచ్చేసరికి మూడు దాటుతుంది. మరి మీటింగుకి ఎవరొచ్చారు? పేట కులపెద్ద దానయ్య వచ్చాడు. రాత్రి డ్యూటీ దిగిన కాలనీవాళ్ళు కొందరు వచ్చి బెంచీల మీద నిద్రపోయారు. వాళ్ళని హాజరు కింద రాసుకున్నాం.

స్కేలు గారు అరగంట మాట్లాడారు. దానయ్య చేతులు కట్టుకుని విన్నాడు. చివర్లో, "మీరెలగంటే అలగే బాబూ, సదువుకున్నోరు," అన్నాడు. తర్వాత అందరికీ గోళీసోడాలు తెప్పించాడు. నాక్కూడా ఒకటి.

తిరుగు దారిలో స్కేలు గారు ఉప్పొంగిపోయారు. "ఎంత మర్యాదస్తులయ్యా! ఒక్క అడ్డుమాట లేదు."

"సార్, సోడా ఇచ్చారంటే పని అవలేదండి," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. మీకూ కాకపోవచ్చు కాబట్టి చెబుతాను. మా వైపు, వెళ్ళిపోవలసినవాళ్ళకి సోడా ఇస్తాం. ఉండిపోయేవాళ్ళని తిడతాం. కొత్తల్లుడు వస్తే సోడా. అదే అల్లుడు నాలుగో ఏడు వస్తే, 'ఇప్పుడా రాడం, ఆ బిందె అందుకో' అంటారు. మర్యాద అంటే గుమ్మం దాటించడం. ఈ సూత్రం ఏ ట్రైనింగులోనూ చెప్పరు. నేను ఎన్ని మీటింగులకి వెళ్ళానో నాకే గుర్తులేదు గానీ, సోడా తాగి వచ్చిన పేటలో పని అయినట్టు ఒక్కటీ గుర్తులేదు.

వారం తిరక్కుండా రుజువు కనబడింది. కొలతల కోసం మేం పాతిన కర్ర మేకులన్నీ గెడ్డలో తేలుతున్నాయి. గట్టు మీద మేం వేసిన హద్దురాళ్ళు మునిగాయి కాబోలనుకుని వెతికాను. మునగలేదు. ఒకటి గట్టు దిగువన బట్టలుతికే రాయయింది. ఇంకోటి ఇంకా దిగువకి నడిచి వెళ్ళి దానయ్య ఇంటి మెట్టయింది. మూడోదానికి పసుపు రాసి బొట్టు పెట్టేశారు, దాన్ని ఇక ఏ ప్రభుత్వమూ కదపలేదు. రాయి ఉన్నచోటే గెడ్డ హద్దు అనుకుంటే ఆ ఏడాది గెడ్డ దానయ్య వంటింట్లోంచి పారింది.

"ఇలగైతే ఎలగ పెద్దాయనా? మీటింగులో ఒప్పుకున్నారు కదా," అని దానయ్యని అడిగాను.

"ఎప్పుడు ఒప్పుకున్నాం? అలగే అన్నాం," అన్నాడు. "ఇంటికొచ్చినోళ్ళని ఎల్లగొడతామేటి బావా?"

ఇక లాభం లేదని, మీటింగు దిబ్బ మీదే పెడదామని, అది కూడా సాయంత్రం నాలుగింటికి పెడదామని స్కేలు గారి కాళ్ళా వేళ్ళా పడ్డాను. "అప్పటికి ఆఫీసు అయిపోయే వేళ కదయ్యా," అని ఆయన బాధపడ్డారు. సరే నువ్వే మాట్లాడు, నేను పక్కన కూర్చుంటానన్నారు. అలా గొలుసు లాగేవాణ్ణి కాస్తా మీటింగులు లాగేవాణ్ణయ్యాను. ఆయన ఈ పనికి నన్నే ఎందుకు ఎంచుకున్నారో నాకు తెలుసు. నన్ను తిడితే ఆఫీసుని తిట్టినట్టు కాదు.

బంతి ఎర్రమ్మది

ఆ సాయంత్రం మాకెవరూ సోడా ఇవ్వలేదు. నా ప్రాణం లేచొచ్చింది.

కాలనీ తరఫున సత్యం లేచాడు. పోర్టులో కళాసీ, శ్రీకాకుళం వైపు రైతు బిడ్డ, కాలనీ సంఘానికి పెద్ద. "మాకు పిల్లలాడుకోడానికి గ్రౌండు కావాల. ఈ దిబ్బ కంపుకి మా పిల్లలు అన్నం తినలేకపోతన్నారు," అన్నాడు.

ఎర్రమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "ఆదోరం పూట నా గుమ్మం కాడ గిన్నెట్టుకుని నిలబడతాడు, ఆడు నీ కొడుకు కాడేటి?"

"అది కూర. ఇది కంపు."

"ఒండితే కూర, ఎండితే కంపా? నీ ముక్కుకి రెండు సట్టాలేటి సత్యంబాబూ!"

అందరూ నవ్వారు. సత్యం కూడా నవ్వి, నవ్వినందుకు కోపం తెచ్చుకున్నాడు. తర్వాత పెద్ద రచ్చ. ఎవరి తాత ఎప్పుడొచ్చాడు, ఎవరి మురుగు ఎవరి గుమ్మంలోకి పోతోంది, కిందటేడు కల్వర్టు మీద సైకిలు ఎవరు గుద్దారు. స్కేలు గారు నా చెవిలో, "అజెండాలో సైకిలు లేదు కదయ్యా," అన్నారు. ఉడకడానికి టైము పడుతుంది, మూత తీసి చూస్తూ కూర్చుంటే కూర అవదు.

చీకటి పడకముందే వాళ్ళంతట వాళ్ళే తేల్చుకున్నారు. పొద్దున్న వలలు. ఎండెక్కాక చేపలు. ఎండ దిగి, చాపలెత్తేశాక కాలనీ పిల్లల క్రికెట్టు. వేట ఆపేసే వేసవిలో ఎవరింట్లో పెళ్ళయినా పందిరి దిబ్బ మీదే. చాపలెత్తకముందు ఆట మొదలెడితే, చేపల్లో పడ్డ బంతి ఎర్రమ్మది. నిజానికి అంతకుముందు కూడా జరుగుతున్నది ఇదే. ఇప్పుడు తిట్టుకోకుండా జరుగుతుందని ఒప్పుకున్నారు, అంతే తేడా. ఆ మాట కూడా పూర్తిగా నిలబడలేదు. కొన్నాళ్ళకి ఎర్రమ్మ దగ్గర బుట్టెడు బంతులు పోగయ్యాయి.

జనం కూర్చుని తేల్చమన్నారు, తేల్చారు. అక్కడితో మా పని అయిపోయిందనుకున్నాను. అసలు తలనొప్పి ఆఫీసులో ఉంది.

నేల వాడకం మ్యాపులో ప్రతి చోటుకీ ఒక రంగు వెయ్యాలి. ఇళ్ళకి పసుపు, దుకాణాలకి నీలం, కార్ఖానాలకి ఊదా, పార్కులకి ఆకుపచ్చ, బడికీ ఆసుపత్రికీ ఎరుపు. ఒక చోటు, ఒక రంగు. చేపలకి రంగు లేదు.

ఆకుపచ్చ వేస్తే పార్కవుతుంది. పార్కంటే గేటు, గేటంటే విజిలుతో వాచ్‌మన్, వాచ్‌మన్ మొదట తోలేది చేపల్ని. ఊదా వేస్తే పరిశ్రమ. అప్పుడు ఎర్రమ్మ నెత్తళ్ళకి లైసెన్సు తెచ్చుకోవాలి. పసుపు వేస్తే అపార్టుమెంటు. ఏమీ వెయ్యకపోతే తెలుపు, అంటే మళ్ళీ ఖాళీ.

స్కేలు గారు నిజంగానే మథనపడ్డారు. చివరికి పెన్సిలు విసిరేసి, "పొద్దున్న ఊదా, సాయంత్రం ఆకుపచ్చ, పెళ్ళిళ్ళకి ఎరుపు! ఇది మ్యాపా, ఊసరవెల్లా?" అన్నారు. ఆయన కోపం చేపల మీద కాదు. మనుషులు పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా బతుకుతారు, కాగితానికి పొద్దూ సాయంత్రమూ లేవు. ఇన్నేళ్ళ ప్లానింగులో నాకు అర్థమైన జబ్బు ఇదొక్కటే. మందు నాకూ తెలియదు.

సముద్రంలోకి రోడ్డు

మళ్ళీ దిబ్బ మీద కూర్చున్నాం. రంగు పెన్సిళ్ళు ఇసకలో పరిచి, ఏ రంగేస్తే ఏమవుతుందో చెప్పి, ఇందులో ఏదో ఒకటి ఏరుకోండని చెప్పాను.

"దిబ్బకి దిబ్బ రంగుంది. నీ రంగు నాకెందుకు?" అంది ఎర్రమ్మ.

"వెయ్యకపోతే పోతాదప్పా."

"ఏసినా పోతాదంటన్నావు కదా! మరేటి సెయ్యాల? నాను ఎక్కడికెల్లి ఆరబెట్టుకోవాల, నీ నెత్తి మీదా?"

సత్యం మ్యాపు మీదకి వంగి చూస్తున్నాడు. "ఈ బూడిద గీతలేటి?"

"రోడ్లు."

"రోడ్డు మీద ఎవుడైనా ఇల్లు కట్టగలడేటి?"

"కట్టలేడు."

"గేటు పెట్టగలడా?"

"పెట్టలేడు."

సత్యం గొంతు సవరించుకున్నాడు. "మా ఊర్లో వడ్లు తార్రోడ్డు మీదే ఆరబోత్తాం. బస్సోడు కూడా పక్కనించే ఎల్తాడు. ఇన్నేళ్ళకి ఒక్కడడిగినాడేటి?"

దానయ్య నెమ్మదిగా, "అయితే మన దిబ్బ రోడ్డేనేటి?" అన్నాడు.

"ఎంత వెడల్పు?" అన్నాను.

"దిబ్బంత," అంది ఎర్రమ్మ.

వడ్లు ఆరబోసుకునే జాతి, చేపలు ఆరబెట్టుకునే జాతి. అప్పటిదాకా వాసన గురించే కొట్టుకున్నారు. ఇద్దరిదీ ఎండని నమ్ముకున్న బతుకేనని ఆ సాయంత్రమే వాళ్ళ బుర్రలకి తట్టింది. నా బుర్రకీ అప్పుడే తట్టింది, నేనేదో ముందే తెలిసినవాణ్ణి కాను.

మర్నాడు స్కేలు గారికి చెబితే ఆయన ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఆపేశారు. "ఈ రోడ్డు ఎక్కడికి పోతుందయ్యా?"

"సముద్రంలోకండి."

"అవతల?"

"అవతల వాళ్ళు చూసుకుంటారండి."

ఆయన స్కేలుతో వీపు చాలాసేపు గోక్కున్నారు. ఆయనా ఏదో పల్లెటూరి నుంచి వచ్చినవారే. వాళ్ళింట్లోనూ ఎవరో రోడ్డు మీద వడ్లు ఆరబోసే ఉంటారు. బూడిద రంగు తీసి దిబ్బంతా నింపేశారు. మ్యాపు పైకి వెళ్ళింది, ముద్ర పడి వచ్చింది. ఎవరూ అడగలేదు. పసుపూ ఎరుపూ అయితే అందరూ చూస్తారు, బూడిద ఎవడు చూస్తాడు?

దాన్ని ఇప్పటికీ మంచి ఆలోచనే అంటాను. కొన్నేళ్ళు బాగానే నడిచింది కూడా.

మ్యాపు నవ్వదు

రెండువేల సంవత్సరం దాటాక ఊరు సముద్రం వైపు తిరిగి కూర్చుంది. అంతకుముందు సముద్రానికి వీపు పెట్టి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు ఇప్పుడు సముద్రం కనబడే బాల్కనీ కావాలన్నారు. స్కేలు గారు బదిలీ అయిపోయారు. రోడ్లు వేసేవాళ్ళలో ఎవరో మహానుభావుడు పాత మ్యాపు తీసి చూశాడు. ఇంత వెడల్పు రోడ్డు మంజూరై, వెయ్యకుండా మిగిలిపోయింది! వెంటనే తారు డబ్బాలూ రోలరూ దిబ్బ మీదకి దిగాయి.

నేను పరిగెత్తాను. అక్కడున్న ఇంజినీరు కుర్రాడు ఎంతో మర్యాదగా, "మ్యాపులో ఉందండీ," అన్నాడు. దిబ్బని కాపాడడానికి మేం పెట్టుకున్న మాటే అది. మ్యాపుతో మనం వేళాకోళం ఆడొచ్చు. మ్యాపు మాత్రం నవ్వదు.

ఎర్రమ్మ చీపురు పట్టుకుని నా మీదకే వచ్చింది. "నా దిబ్బ ఏదిరా నాయుడూ?"

"రోడ్డని ముందు అన్నది సత్యం, అప్పా."

"సత్యం అంటాడు. నీ బుర్రేటయింది? గవర్నమెంటు నీకు జీతం ఎందుకిత్తంది, తలకాయ మీద జుట్టు ఉందో లేదో సూసుకోడానికా?"

ఆలోచన పేట మొత్తానిది, తిట్లు నా ఒక్కడివి. ఈ ఉద్యోగంలో పంపకాలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి. అలవాటు చేసుకోండి.

దిబ్బలో సగం వరకు తారు పడింది. ఆ పైన ఇసక మెత్తన, రోలరు దిగబడిపోయింది. దాన్ని లాగడానికి ఇంకో బండి కోసం పనివాళ్ళు వెళ్ళారు. ఈలోపల ఎర్రమ్మ తట్ట దించి, వెచ్చగా ఉన్న ఆ కొత్త తారు మీద నెత్తళ్లు పరిచేసింది. ఆవిడ వెనక పేటలో ఆడవాళ్ళందరూ పరిచేశారు.

"రోడ్డు మీద చేపలేంటమ్మా? తియ్యండి!" అని ఇంజినీరు కుర్రాడు అరిచాడు.

అప్పుడు కల్వర్టు దాటుకుని కాలనీ దిగింది. ముందు సత్యం, వెనక కాలనీ ఆడవాళ్ళు. ఏ ఇంట్లో ఉన్నవి ఆ ఇంట్లోంచి తెచ్చుకున్నారు. మిరపకాయలు, చింతపండు, వడియాలు, నానబెట్టిన అప్పడాల పిండి కూడా. చేపల పక్కనే పాత చీరలు పరిచి అన్నీ ఆరబెట్టుకున్నారు. "మా ఊర్లో ఇలగే ఆరబెడతాం బాబూ. పక్కనించి ఎల్లండి," అన్నాడు సత్యం.

చేపలైతే తోలేవాళ్ళేమో. ఇంతమంది ఇళ్ళ వడియాల మీంచి రోలరు నడపడానికి ఏ కంట్రాక్టరుకి ధైర్యం ఉంటుంది? సగం తారుతో పని ఆగిపోయింది. ఆ ఏడాదంతా కాలనీలో వడియాలు నెత్తళ్ళ వాసన కొట్టాయని ప్రతి ఇంట్లో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నారు. సత్యం ఇంట్లో మరీ ఎక్కువట.

ఇసక మీద కంటే తారు మీద చేపలు బేగి ఆరతన్నాయని ఎర్రమ్మ దానయ్యతో అందని తర్వాత తెలిసింది. నాతో మాత్రం ఆ మాట ఇప్పటివరకు అనలేదు.

మాధురి ఫోను

నేను రిటైరయ్యాక పేట ఇంకా మారింది. గెడ్డ గట్టున పెద్ద పెద్ద ఫ్లాట్లు లేచాయి. ఆ సగం రోడ్డు మీద పొద్దున నెత్తళ్లు, సాయంత్రం కార్లు. కార్ల పార్కింగుకి దిబ్బంతా చదును చేసి ఇమ్మని ఫ్లాట్లవాళ్ళు అర్జీ పెట్టారు. దాంతో మళ్ళీ ప్లాను, మళ్ళీ జనంతో మీటింగులు. ఈసారి ఆఫీసరు మాధురి అనే అమ్మాయి. చదువు పూర్తి చేసుకుని నేరుగా వచ్చింది. పాత మ్యాపులో సముద్రంలోకి పోయే రోడ్డు చూసి, అదేమిటో చెప్పేవాడు ఎవడని వాకబు చేసి, నన్ను పట్టుకుంది.

మొదటి మీటింగు అయ్యాక ఫోను చేసింది. గొంతులో ఉత్సాహం. "పార్కింగు గురించి చెప్పాను సార్. చాలా బాగా సహకరించారు. ఎవ్వరూ కాదనలేదు. అందరికీ సోడాలు కూడా ఇచ్చారు!"

ఫోను పక్కన పెట్టి కాసేపు తల పట్టుకున్నాను. తర్వాత చెప్పాను: "మళ్ళీ వెళ్ళాలమ్మా. బళ్ళో కాదు, దిబ్బ మీద. సాయంత్రం నాలుగింటికి. కబురు పెట్టకు."

ఆ రోజు నేనూ బస్సెక్కి వెళ్ళాను. వెళ్ళేసరికి మాధురి ఒక పడవ నీడన కూర్చుని ఉంది, పేట చుట్టూ చేరుతోంది. ఎర్రమ్మ తారు మీద కర్రతో కాకుల్ని తోలుతోంది. నడుం వంగింది. నోరు వంగలేదు.

"ఇప్పుడా రాడం? ముసిలోడివైపోనావు, బస్సు దొరకలేదేటి? ఈ కర్ర పట్టుకో, కాకులు సూడు. నాను ఎల్లి ఆ ఆఫీసరు గుంటకి నాలుగు సెప్పీసొత్తాను."

కర్ర చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. పడవ వైపు నుంచి గొంతులు లేచాయి. నాకు మాటలు వినబడలేదు, మోత వినబడింది. ఒక కారు వచ్చి హారను కొట్టింది. అద్దం దించి, "రోడ్డు మీద ఈ చేపలేంటండీ?" అన్నాడు కారాయన.

"పక్కనించి ఎల్లండి బాబూ. బస్సులే ఎల్తాయి," అన్నాను.

కాసేపటికి మాధురి నా దగ్గరికి వచ్చింది. మొహం ఎర్రబడి ఉంది. "సార్, నేనిక వెళ్ళిపోతాను. ఒక్కరూ మాట్లాడనివ్వడం లేదు. ఏ ఊరి గుంటవి, మీ అమ్మ నీకు సేపలు కడగడం నేర్పలేదేటి అని అడుగుతున్నారు. నా ప్లాను చుట్టచుట్టి గెడ్డలో పారేస్తారట."

"సోడా ఇచ్చారా?"

"సోడానా? మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు సార్. పైగా ఎవరో వల ఒక చివర నా చేతిలో పెట్టి పట్టుకోమన్నారు."

"పట్టుకున్నావా?"

చేతులు చూపించింది. ఇసకా, చేపల పొలుసులూ.

"అయితే వెంటనే వెనక్కి వెళ్ళమ్మా. ఇప్పుడు వెళ్ళిపోతే సోడా ఇచ్చేస్తారు."

నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. కానీ వెళ్ళింది. ఆ తర్వాత గొంతులు కొంచెం తగ్గాయి. దిబ్బకి ఏ రంగు వెయ్యాలని అడిగినట్టుంది, ఎర్రమ్మ గొంతు ఒక్కటీ పైకి లేచింది: "ఒక్క రంగేటే గుంటా? మా మొగోళ్ళ లుంగీలు సూడు, ఎన్ని రంగులున్నాయో. గళ్ళు గియ్యడం రాదేటి నీకు?"

మాధురి గళ్ళు గీసింది. పొద్దున్నకో రంగు, సాయంత్రానికో రంగు, లుంగీ లాగే. ఆ మ్యాపు ఇప్పుడు పై ఆఫీసులో ఎవరి బల్ల మీదో ఉంది. ఒప్పుకుంటారో, ఇదేం మ్యాపని విసిరికొడతారో నేను చెప్పలేను. పార్కింగు అర్జీ కూడా అదే బల్ల మీద ఉందట. దిబ్బ మీద నెత్తళ్లు మాత్రం ఇవాళ్టికి ఆరుతున్నాయి.

ఆ సాయంత్రం మీటింగు ఎంతకీ అవలేదు. కర్ర పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు చేసిన పనే, జీతం లేదు, అంతే. కాకులకి నేను ఆఫీసు మనిషినని తెలిసిపోయినట్టుంది. ఒక్కటీ లెక్క చెయ్యలేదు.